బి.ఎన్. రోడ్డులో చోడవరం లేదు

వీధుల పేర్లు మార్చొద్దు, వాటిలో చరిత్ర ఉంటుంది అని మన సాహిత్య మిత్రులు తరచూ బెంగపడుతుంటారు. ఉంటుంది, నిజమే. ఎవరి చరిత్ర అన్న దగ్గరే నా పేచీ.

చోడవరం మీదుగా పోయే పెద్ద రోడ్డు పేరు బి.ఎన్. రోడ్డు. కొత్తవాళ్ళకి ఎవరో నాయకుడి పేరులా వినిపిస్తుంది. కాదు, భీమునిపట్నం-నర్సీపట్నం. ఒక కొస డచ్చివాళ్ళు వ్యాపారం చేసిన రేవు, రెండో కొస మన్యానికి గుమ్మం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది ఈ మండలంలోనే అయినా ఆ రెండక్షరాల్లో మా ఊరికి చోటు లేదు. పేరు పెట్టినవాడి లెక్కలో చోడవరం దారిలో తగిలే ఊరు, అంతే.

మిగతావి అనకాపల్లి రోడ్డు, మాడుగుల రోడ్డు. బెల్లం మార్కెట్టుకి అటు, హల్వాకి ఇటు. ఇక్కడి మాడుగుల రోడ్డు మాడుగుల వెళ్ళేసరికి చోడవరం రోడ్డు అయిపోతుంది. ఇంత పనికొచ్చే పేర్ల మీద ఏ పెద్దమనిషి పేరు అతికిస్తానన్నా నేను ఒప్పుకోను. అతికించినా ఎవరూ అలా పిలవరనుకోండి.

కానీ రోడ్డు దిగి వీధుల్లోకి రండి. మన ఊళ్ళలో అక్కడి పేర్లు దారి చెప్పవు, కులం చెబుతాయి. గుడి చుట్టూ ఎవరి వీధులు, ఊరి చివర ఎవరి పేటలు అన్నది చూస్తే వేరే మ్యాపు అక్కర్లేదు. "చరిత్ర కదా, ఉంచండి" అనేవాళ్ళ ఆధార్ కార్డు మీద ఆ పేట పేరు ఉండదు. పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న కుర్రాణ్ణి ఇంటి ఓనరు "మీ ఊళ్ళో ఏ వీధి బాబూ?" అని అడిగితే, అది దారి కోసం అడిగింది కాదని ఇద్దరికీ తెలుసు. కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర 2020 డిసెంబరులోనే నిర్ణయించింది. మనకేం అడ్డం?

అడ్డమేమిటో 2022లో చూశాం. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది, సర్దుకున్నాం. పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకి అల్లూరి పేరు పెట్టారు, సంతోషించాం. కోనసీమకి అంబేద్కర్ పేరు చేర్చబోతే మాత్రం మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. పేరులో ఏముందండీ అనేవాళ్ళు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

పేరు మారిస్తే కులం పోతుందా అంటారు. పోదు. ఆ మురుగుకాలవ అక్కడే ఉంటుంది, దాని మీద వేరే పోట్లాడాలి. పాత పేర్లు రికార్డుల్లో ఉండనివ్వండి, ఎవర్ని ఎక్కడ ఉంచారో పిల్లలు చదువుకోవాలి. బోర్డు మీంచి, చిరునామాలోంచి మాత్రం తీసెయ్యండి. కొత్త పేరు ఆ వీధిలో ఉండేవాళ్ళనే అడిగి పెట్టండి. చెరువు పేరు పెట్టుకుంటారో, చింతచెట్టు పేరో, అంబేద్కర్ పేరో, వాళ్ళిష్టం. మాడుగుల రోడ్డుకి నాయకుడి పేరు వద్దన్న నాకు ఇక్కడ అభ్యంతరం చెప్పే హక్కు లేదు, నేను ఆ వీధిలో ఉండటం లేదు.