గ్రాంటు గుట్ట మీదికి, బాకీ బస్తీ మీదికి

ఫిలింనగర్‌ను వాన పడ్డ తెల్లారి చూడాలె. ఎండపూట పోతే సినిమా పోస్టర్లు, పెద్ద గేట్లు, గేట్ల మీది నుంచి వంగిన పూలతీగలు తప్ప ఏమీ కనబడదు. వాన పడితే గుట్ట తన లెక్క తనే చెప్తది. పైన జూబ్లీహిల్స్‌ రోడ్ల మీద పడ్డ నీళ్లు వాలు పట్టుకొని కిందికి దుంకుతయి. మట్టిని, ప్లాస్టిక్‌ సంచులను, పొంగిన మోరీల మురికిని కలుపుకొని బస్తీల గడపలు దాటుతయి. ఒక వానకాలం మేం పోయిన నాడు ఒక ఇంట్ల మంచం మీద బియ్యం సంచి, దాని మీద పిల్లల పుస్తకాలు, ఆ పైన టీవీ పేర్చి ఉన్నయి. ఇంటామె బకెటుతోని నీళ్లు ఎత్తిపోసుకుంటనే మాతోని మాట్లాడింది. ఆమె అడిగింది ఒక్కటే: మోరీలకు, చెరువులకు కోట్లు వచ్చినయని టీవీల చెప్తున్నరు గదా, అవి ఏ తొవ్వ పట్టినయి?

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే దొరికిందే ఇక్కడ రాస్తున్నం.

పర్యావరణం పేరు మీద, బస్తీల బాగు పేరు మీద సర్కారు పైసలు రెండు తీర్ల వస్తయి. ఒకటి గ్రాంటు. అది తిరిగి కట్టేది లేదు. రెండోది అప్పు. దానికి అసలు కట్టాలె, వడ్డీ కట్టాలె. ఈ గుట్ట మీద ఇన్నేండ్లల్ల తిరిగి కట్టే పని లేనిది ఎవరికి అందింది, తిరిగి కట్టాల్సింది ఎవరి నెత్తిన పడ్డది? ఇది చూస్తే చాలు, మిగతాదంతా తెలుస్తది.

తెలుగు సినిమా మద్రాసుల ఉన్న రోజుల్ల దాన్ని హైదరాబాదుకు రప్పించడానికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌ సర్కారు చెయ్యని మర్యాద లేదు. 1975ల చలనచిత్ర అభివృద్ధి సంస్థ పెట్టిండ్రు. ఇక్కడ తీసిన సినిమాలకు సబ్సిడీలు, పన్ను రాయితీలు ఇచ్చిండ్రు. సినిమావాళ్లకు గుట్టల మీద జాగలిచ్చిండ్రు. ఫిలింనగర్‌ అట్లనే పుట్టింది. వీటిని ఎవరూ గ్రాంటు అనరు, ‘ప్రోత్సాహం’ అంటరు. జాగ ఇచ్చినా గ్రాంటే, పన్ను మాఫ్‌ చేసినా గ్రాంటే. ఖజానాకు రావాల్సింది రాకుంట పోతే, ఖజానా నుంచి తీసి ఇచ్చినట్టే గదా.

అప్పుడు వలస పాలకులని తిట్టినం. తిట్టడం తప్పు కాదు. మరి 2014 జూన్‌ 2 తర్వాత? 2015ల ‘రుద్రమదేవి’కి, 2017ల ‘గౌతమీపుత్ర శాతకర్ణి’కి వినోదపు పన్ను మాఫ్‌ చేసింది మన రాష్ట్ర సర్కారే. చరిత్ర సినిమాలు, పిల్లలు చూడాలె అన్నరు. చూడనీ, మాకు అభ్యంతరం లేదు. మాఫ్‌ చేసిన పన్నుల నుంచి ఆ సినిమాలు తయారైన గుట్ట కింద ఒక్క మోరీ కట్టియ్యాలన్న షరతు ఎందుకు పెట్టలేదు? మా బాధ అది. పాలకులు మారిండ్రు, గుట్ట వాలు మారలేదు.

ఇగ అప్పు సంగతి. జూబ్లీహిల్స్‌ నీళ్లు ఒక్క దిక్కు పోవు. ఒక పక్క వాలు దుర్గం చెరువుకు, ఇంకో పక్క బంజారా నాలా మీదుగ హుస్సేన్‌సాగర్‌కు, ఫిలింనగర్‌ దక్షిణపు వాలు షేక్‌పేట దిక్కుగ మూసీకి. కుతుబ్‌షాహీల నాడు గోల్కొండకు తాగునీళ్లిచ్చిన చెరువు దుర్గం చెరువు. హుస్సేన్‌సాగర్‌ నీళ్లూ ఒకప్పుడు ఊరు తాగినవే. వాటిని మురికికుంటలు చేసింది ఒక్క జూబ్లీహిల్సే అనం. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన ఫ్యాక్టరీల విషం అందరికీ ఎరుకే. అయితే బంగ్లాల మురికినీళ్లు గాలిల ఆవిరైపోలేదు.

ఆ హుస్సేన్‌సాగర్‌ను శుద్ధి చెయ్యడానికి 2006 మార్చిల జపాన్‌ దగ్గర అప్పు తీసుకున్నరు. సుమారు 773 కోట్ల యెన్లు. నాలాల మురికిని మళ్లించుడు, శుద్ధి ప్లాంట్లు, అడుగున పేరుకున్న బురద ఎత్తుడు, గట్టు సోకులు, అన్నీ అందులనే. కొంత పని అయ్యింది, కాలేదని మేం చెప్పం. అయినా వినాయక చవితి పోయినంక ట్యాంక్‌బండ్‌ మీద నిలబడ్డోళ్లు ఇప్పటికీ ముక్కు మూసుకుంటనే ఉన్నరు.

ఇండ్ల జనానికి తెల్వని మెలిక ఒకటున్నది. అంతకుముందు విదేశీ అప్పు రాష్ట్రానికి కేంద్రం మీదుగ వస్తే, అందుల 30 శాతం గ్రాంటు కింద, 70 శాతం అప్పు కింద ఇచ్చేది. 12వ ఆర్థిక సంఘం చెప్పినంక, 2005 ఏప్రిల్‌ నుంచి ఆ పద్ధతి పోయింది. అప్పు ఏ షరతుల మీద వచ్చిందో అవే షరతుల మీద రాష్ట్రానికి దించుడు మొదలైంది. యెన్‌ ధర పెరిగినా, తగ్గినా ఆ భారం రాష్ట్రానిదే. హుస్సేన్‌సాగర్‌ అప్పు సంతకం అయ్యింది ఆ తర్వాత ఏడాదికే. అంటే బంజారా నాలాల ఎన్నడూ చెయ్యి కడగని పాలమూరు కూలీ కూడా, తను కొన్న సబ్బుబిళ్ల మీద పన్ను కట్టి, జపాన్‌ బాకీ తీరుస్తున్నడు.

అదే రోజుల్ల జవహర్‌లాల్‌ నెహ్రూ పట్టణ నవీకరణ మిషన్‌ వచ్చింది, 2005 డిసెంబర్‌ల. కేంద్రం గ్రాంటు అని డప్పు కొట్టిండ్రు. హైదరాబాద్‌ అసుంటి పెద్ద నగరానికి కేంద్రం వాటా 35 శాతం, రాష్ట్రానిది 15. మిగిలిన సగం నగరపాలక సంస్థ తెచ్చుకోవాలె, దొరకకపోతే అప్పు చెయ్యాలె. గ్రాంటు అనే లడ్డూల అప్పు అనే రాయి. ఆ గ్రాంటుకు ఒక మంచి షరతు కూడా ఉండె: పౌరుల భాగస్వామ్య చట్టం చెయ్యాలె, వార్డు కమిటీలు, ఏరియా సభలు పెట్టి జనాన్ని అడగాలె. పైసలు వచ్చినయి, చట్టం కాగితం మీదికి వచ్చింది. ఏరియా సభ ఎప్పుడు కూసున్నదో, ఎక్కడ కూసున్నదో ఫిలింనగర్‌ బస్తీల అడుగుండ్రి. నవ్వుతరు.

బస్తీ ఆడోళ్లకు అందింది మాత్రం ఏంది? సంఘం లోను. 2004 తర్వాత పావలా వడ్డీ అన్నరు, ఆ తర్వాత వడ్డీ లేనిది అన్నరు. వడ్డీ పావలా అయినా, సున్న అయినా, అసలు అసలే. ఒక్కామె కిస్తీ తప్పితే పది మంది ఆమె ఇంటి ముందు కూసోవాలె. ఆ లోను పైసలతోనే ఇంటి ముంగట సిమెంటు గట్టు కట్టుకున్నోళ్లను మేం చూసినం, పైనుంచి వచ్చే నీళ్లు లోపలికి రాకుంట. పైనోళ్ల నీళ్లను ఆపడానికి కిందోళ్లు అప్పు చెయ్యాలె. ఇంతకన్న వివరంగ చెప్పుడు మాకు రాదు.

కేబీఆర్‌ పార్కు మాట కూడా చెప్పాలె. 1969ల జై తెలంగాణ అన్న పిల్లల మీద తుపాకులు పేలిననాడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. 1998ల నేషనల్‌ పార్కు అయిన ఆ అడవికి ఆయన పేరే పెట్టిండ్రు. సొంత రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటినా బోర్డు అట్లనే ఉన్నది. ఇది పక్క ముచ్చటే, కానీ అటు దిక్కు పోయినప్పుడల్లా మాకు మనసున పట్టదు. అసలు ముచ్చట చెట్లది. పార్కు చుట్టూ ఫ్లైఓవర్లకు చెట్లు కొడ్తమంటే 2016ల జనం అడ్డం పడ్డరు, హరిత ట్రిబ్యునల్‌ దాక పోయిండ్రు. 2020ల వచ్చిన నోటిఫికేషన్‌ ఆ పార్కు చుట్టూ కాపాడాల్సిన మండలాన్ని కొన్ని చోట్ల మూడు మీటర్లకు కుదించింది. మూడు మీటర్లంటే ఒక కారు అడ్డం పెట్టేంత జాగ కాదు. అదే ఏడాది సెప్టెంబర్‌ల దుర్గం చెరువు మీద 184 కోట్ల తీగల వంతెన తెరిచిండ్రు. రాత్రి లైట్లు మస్తుగుంటయి, ఫొటోలు దిగుతరు. వంతెన కింద చేపలు తేలిన దినాలు కూడ ఉన్నయి.

సినిమావాళ్లు ఏం చెయ్యలేదని మేం అనం. 2020ల ప్రభాస్‌ ఖాజీపల్లి అడవిల 1,650 ఎకరాలు దత్తత తీసుకొని రెండు కోట్లు ఇచ్చిండు. 2022ల నాగార్జున చెంగిచెర్లల వెయ్యికి పైగ ఎకరాలకు అంతే ఇచ్చిండు. ఇచ్చిన చేతిని కాదనొద్దు. అయితే ఖాజీపల్లి, చెంగిచెర్ల నగరం అంచుల ఉన్నయి. తాము తిరిగే గుట్టను, తమ సెట్లకు మేకులు కొట్టేటోళ్ల బస్తీని ఎవరు దత్తత తీసుకోవాలె? తెలంగాణ హరిత నిధికి ఎమ్మెల్యేల జీతంల నుంచి నెలకు 500 కోసిండ్రు, ఉద్యోగుల జీతాల నుంచి కోసిండ్రు, చదువుకునే పిల్లల అడ్మిషన్ల నుంచి కూడ తీసిండ్రు. బడిపిల్లగాడు ఇస్తున్నప్పుడు, సర్కారు జాగల నిలబడ్డ స్టూడియో ఇయ్యడానికి అడ్డమేంది?

మాకు ఒక జవాబు వస్తదని తెలుసు: స్టూడియోలు ఉన్నయి కాబట్టే బస్తీల పొయ్యి మండుతున్నది. నిజమే. లైట్లు మోసేటోళ్లు, వడ్రంగులు, జూనియర్‌ ఆర్టిస్టులు, మేకప్‌ అసిస్టెంట్లు, ప్రొడక్షన్‌ వంటోళ్లు వేల మంది ఆ గేట్ల మీదనే ఆధారపడి బతుకుతున్నరు. స్టూడియోలు పోవాలని మేం అనడం లేదు. కూలి ఇచ్చినమని మురికి కూడ తీసుకొమ్మంటే ఎట్ల అని అడుగుతున్నం.

ఇది కాని పని కాదు. 2002 నాటి వాల్టా చట్టం ఇప్పటికీ బతికే ఉన్నది. ఇంకుడు గుంతలు, చెట్ల రక్షణ అందుల రాసిపెట్టి ఉన్నయి. ముందు పైన ఉన్న బంగ్లాలకు, స్టూడియోలకు అది ఆనించాలె. పైన పడ్డ వాన పైననే ఇంకితే కింద గడపలు తడవవు. సర్కారు జాగ పొందిన ప్రతి సంస్థ తన మురికినీళ్లను తన గేటు లోపలనే శుద్ధి చేసుకోవాలె. ఇగ ముందు ఏ సినిమాకు రాయితీ ఇచ్చినా, అందుల ఒక వాటా ఆ గుట్ట కింది బస్తీల మోరీలకు, కమ్యూనిటీ హాళ్లకు, చెట్లకు గ్రాంటుగనే పోవాలె, లోనుగ కాదు. ఆ పైకం ఆఫీసుల ఫైలుల కాదు, బస్తీ కమిటీ ఖాతాల పడాలె. సంఘాల ఆడోళ్లు ఇన్నేండ్లు రూపాయి తేడా లేకుంట లెక్కలు రాసిండ్రు. వాళ్లకు ఈ లెక్క రాయడం రాదని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం.

మూసీ కోసం మళ్లీ విదేశీ బ్యాంకుల అప్పు మాట వినబడుతున్నది. ఫిలింనగర్‌ వాలు కూడ ఆ మూసీకే పోతది. సంతకం పెట్టేముందు ఎంత తెస్తున్నరు, ఎన్నేండ్లకు తెస్తున్నరు, ఏ నాణెంల కట్టాలె, ఏ బస్తీల ఏ పని చేస్తరు, ఎవరి ఇండ్లు తీస్తరు, తీసినోళ్లను ఎక్కడ ఉంచుతరు, అంతా తెలుగుల, ఉర్దూల అచ్చేసి బస్తీ గోడలకు అంటించాలె. ఆ ఇంటామె బకెటు పక్కకు పెట్టి సదువుకుంటది.