ముందు పిల్లను లోపలికి రానీయండి

పాతబస్తీలో ఒక సర్కారు ప్రాథమిక పాఠశాల గేటుకు ఒక కాగితం అతికించి ఉంటుంది. ఏ బడో చెప్పం. అలాంటి కాగితం చాలా బళ్ల గేట్లకు ఉంటుంది కనుక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. "అడ్మిషన్‌కు కావలసినవి" అని పైన రాసి, కింద వరస: పిల్ల ఆధార్, తల్లి ఆధార్, తండ్రి ఆధార్, జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, పాత బడి టీసీ, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు నాలుగు. అన్నీ రెండేసి జిరాక్సులు. ఇవి లేకపోయినా పిల్లను చేర్చుకుంటాం అన్న ముక్క ఆ కాగితం మీద ఎక్కడా లేదు. చట్టంలో ఉన్నది మాత్రం ఆ ముక్కే.

మేం ఆదివాసీ టీచర్లం. డైట్‌లో రెండేళ్లు చదువుకుని, డీఎస్సీ రాసి, ఇరవై ఏళ్లుగా సుద్దముక్క పట్టుకున్నవాళ్లం. అడవి దగ్గర పుట్టి చార్మినార్ దగ్గర పాఠం చెబుతున్నాం. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లో మేమూ అదే అడిగాం. "కాగితాలేవమ్మా?" అని మా నోటితో మేమే అన్నాం. ఎదుట నిలబడ్డ తల్లి మా తెగ మనిషే అయినా అన్నాం. కాబట్టి ఇది ఎవరి మీదో రాళ్లు వేయడానికి రాస్తున్నది కాదు. మా మీద కూడా పడతాయి, పడనీయండి.

పోయినేడు జూలైలో ఒక కోయ కుటుంబం బండ్లగూడ వైపు కడుతున్న అపార్ట్‌మెంటులో పనికి దిగింది. భద్రాచలం అవతల నుంచి వచ్చారు. తండ్రి సెంట్రింగ్ పని, తల్లి ఇసుక మోత. ఇటుకల మధ్యే రేకుల గది. పిల్లకు ఎనిమిదేళ్లు, ఊళ్లో రెండో తరగతి దాకా చదివింది. చెప్పిన కాగితాల్లో వాళ్ల దగ్గర ఉన్నవి రెండే: తండ్రి ఆధార్, రేషన్ కార్డు జిరాక్స్. మొదటి రోజు టీసీ తెమ్మన్నారు. టీసీ ఊళ్లో ఉంది. ఊరు మూడు వందల కిలోమీటర్ల పైన. ఒకరు వెళ్లి రావాలంటే బస్సు చార్జీలు, రెండు మూడు రోజుల కూలి పోతుంది. మేస్త్రీ ఒప్పుకోవాలి. అక్కడికి పోయాక ఆ బడి సారు ఆ రోజు ఉండాలి. తండ్రి వెళ్లొచ్చాడు, టీసీ తెచ్చాడు. రెండోసారి పిల్ల ఆధార్ లేదన్నారు. మీ సేవకు వెళ్తే పుట్టిన సర్టిఫికెట్ అడిగారు. పిల్ల ఇంట్లో పుట్టింది, మంత్రసాని చేతుల్లో. మూడోసారి "ఆన్‌లైన్‌లో మీ పిల్ల ఇంకా పాత బడిలోనే చూపిస్తోంది, వాళ్లు వదిలితే గానీ మేం తీసుకోలేం" అన్నారు. అప్పటికి సెప్టెంబరు. పిల్ల ఆ రెండు నెలలూ మూడో అంతస్తులో తమ్ముణ్ని ఎత్తుకుని తిరిగింది. గోడలు లేని మూడో అంతస్తు అది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో వరుసగా చదువుదాం. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 14వ సెక్షన్: వయసు రుజువు లేదని ఏ పిల్లకూ ప్రవేశం నిరాకరించకూడదు. కేంద్రం ఇచ్చిన నమూనా నియమావళి ఇంకా విడమరిచింది. పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే ఏఎన్ఎం రిజిస్టరు చాలు, అంగన్‌వాడీ రికార్డు చాలు, అదీ లేకపోతే తల్లో తండ్రో వయసు ఇంత అని చెబితే చాలు. 5వ సెక్షన్: టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రవేశం ఆపకూడదు. టీసీ ఇవ్వడంలో ఆలస్యం చేసిన హెడ్మాస్టరు మీదే క్రమశిక్షణ చర్య. అంటే చట్టం దృష్టిలో తప్పు చేసింది టీసీ తేలేని తల్లి కాదు, ఇవ్వని సారు. 15వ సెక్షన్: గడువు దాటి వచ్చినా కాదనకూడదు. 4వ సెక్షన్: వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలి. ఇక 9వ సెక్షన్‌లో వలస కుటుంబాల పిల్లల ప్రవేశం చూడటం స్థానిక సంస్థ బాధ్యత అని నాలుగు మాటల్లో తేల్చి రాశారు. పిల్ల బడిని వెతుక్కుంటూ పోవాలని లేదు, స్థానిక సంస్థే పిల్లను వెతుక్కుంటూ రావాలని ఉంది. అపార్ట్‌మెంటు అనుమతి కాగితం మీద ముద్ర వేసేదీ నగరపాలక సంస్థే. ఎక్కడ ఎంత కట్టడం నడుస్తోందో వాళ్లకు తెలియదా? గోడ గీటు దాటితే వెంటనే వస్తారు.

ఆధార్ సంగతి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది: బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు, ఆధార్ లేదని ఏ పిల్లకూ రావలసింది ఆపకూడదు. తీర్పు వచ్చి ఏళ్లు దాటింది. ఆ తీర్పు గేటు కాగితం దాకా ఇంకా నడిచి రాలేదు.

హెడ్మాస్టర్లు ఒక మాట అంటారు, అందులో అబద్ధం లేదు. "చట్టం సరే సార్, కంప్యూటర్ తీసుకోవట్లేదు." నిజమే. యూడైస్‌లో ప్రతి పిల్లకూ ఒక నంబరు. ఒక బడి వదిలితేనే ఇంకో బడికి వస్తుంది. ఆధార్ గడి ఖాళీగా ఉంటే పైనుంచి ఫోన్లు. ఎంట్రీ వంద శాతం కాకపోతే మీటింగులో నిలబెట్టి అడుగుతారు. ఎంట్రీ కాని పిల్లకు పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం లెక్కలో రావు. ఇవన్నీ మాకూ తెలుసు, ఆ తిట్లు మేమూ తిన్నాం. అయితే ఒకటి అడుగుతాం. హాజరు పట్టీ కాగితంతో చేసింది. అందులో పేరు రాయడానికి ఏ సర్వరూ అడ్డు రాదు. పేరు రాయి, కూర్చోబెట్టు, ఆ పూట అన్నం పెట్టు. ముప్పై మంది అన్నంలో ఒక పిల్ల పెద్ద లెక్క కాదు. గడి నింపే పని తర్వాత బడి చేయాలి. కూలి మాని తిరిగి ఆ పని తల్లి ఎందుకు చేయాలి? జీతం తీసుకునేది మనం.

ఇంతకంటే పెద్ద గండం ముందుంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో సవరణ చేశారు. ఆ ఏడు అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి ప్రవేశంతో సహా ఎన్నో వాటికి జనన ధ్రువపత్రమే పుట్టుకకు రుజువు. ఆ పిల్లలు 2029 జూన్ నాటికి ఒకటో తరగతి గుమ్మంలో ఉంటారు. వాగు పొంగితే ఆసుపత్రికి దారి మూసుకుపోయే ఊళ్లు ఏజెన్సీలో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఇంట్లో పుట్టిన పిల్లకు ఇరవై ఒక్క రోజుల్లో నమోదు కాలేదంటే ఆ తర్వాత ఆలస్య రుసుము, అనుమతి, ఏడాది దాటితే పై అధికారి ఆదేశం. విద్యాహక్కు చట్టంలో 14వ సెక్షన్ బతికే ఉంది. కానీ గేటు దగ్గర ఏ చట్టం చదువుతారో మనకు తెలుసు. ఇప్పుడే అడగకపోతే 2029లో అడిగే నోరు ఉండదు.

మా పిల్లల చదువు గురించి ఈ నగరం ఒకప్పుడు వేరే విధంగా ఆలోచించింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపిన తర్వాత నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. గోండుల గోడు తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సలహా మీద 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చువేశారు. ముందు ఆ తెగలోంచే పంతుళ్లను తయారు చేశారు, ఆ తర్వాత బళ్లు తెరిచారు. అది దయ కాదు, తుపాకీ పేల్చాక వచ్చిన బుద్ధి. అయినా చూడండి: హైదరాబాదు నుంచి వెళ్లిన ఆ ఉత్తర్వులో పిల్ల దగ్గరకు బడి నడిచి వెళ్లింది. ఎనభై ఏళ్ల తర్వాత మా పిల్లే హైదరాబాదు నడిచి వస్తే గేటు దగ్గర జిరాక్స్ అడుగుతున్నారు. రాజు పోయి ప్రజాస్వామ్యం వచ్చింది కదా, లెక్క ఇటు ఎందుకు తిరిగింది?

భాష మాట కూడా చెప్పుకోవాలి. మా కోయలో, గోండిలో "ఏర్" అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. ఒకసారి ఒక పిల్ల తరగతిలో లేచి ఏర్ కావాలంది. టీచరమ్మ మంచిదే, "ఇక్కడ ఏరు లేదమ్మా, మూసీ ఉంది" అని నవ్వింది. తరగతి అంతా నవ్వింది. పిల్ల ఆ రోజు నీళ్లు తాగలేదు. మర్నాడు బడికి రాలేదు. పక్కన కూర్చున్న ఉర్దూ పిల్లవాడు "పానీ" అంటే అందరికీ అర్థమవుతుంది, అర్థం కావాల్సిందే. పాతబస్తీలో ఉర్దూ మీడియం బళ్లు ఉండాలి, వాటిని మూయొద్దని మేం వాళ్లతో కలిసి అడుగుతాం. మా పిల్లకు ఆ పాటి వినే చెవి ఒక్కటి కూడా లేకపోవడమే మా గోడు. రాజ్యాంగం 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాటు చేయాలంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అని ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి కూడా. అవి ఏజెన్సీ దాటి రాలేదు. పిల్లలు మాత్రం దాటి వచ్చారు. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం పెట్టి పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు వేశారు. మా పిల్లకు రెండు పక్కలూ పరాయివే. పాతబస్తీలో మొత్తం కోయ మీడియం పెట్టమని అడిగేంత అమాయకులం కాదు. ఆ ఎనిమిది భాషల్లో ఓ వంద మాటల పట్టీ ప్రతి బడికీ పంపండి. దాహం, ఆకలి, కడుపునొప్పి, ఒంటికి, అమ్మ ఎక్కడ. అంతే.

హాజరు నియమం ఇంకో తమాషా. రంజానుకు వేళలు మారతాయి, బోనాలకు, దసరాకు సెలవులు. మంచిదే, అందరి పండుగ అందరిదీ. రెండేళ్లకోసారి మేడారం వెళ్లిన పిల్ల, నాగోబాకు కేస్లాపూర్ వెళ్లిన పిల్ల తిరిగొచ్చేసరికి వారం రోజులు గైర్హాజరు. ఎక్కువ రోజులైతే "డ్రాపవుట్" అని గీత. భూమి పండుగకు ఊరెళ్లిన పిల్ల బడి మానేసిన పిల్ల కాదు. గైర్హాజరు వేసేముందు ఒక్కసారి ఎందుకు రాలేదని అడగండి.

కుటుంబాలకు చెప్పే నియమాలన్నీ వాట్సాప్‌లో వస్తాయి. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి పోతుంది, అదీ బటన్ ఫోను. తల్లిదండ్రుల సమావేశం పగటి పూట, కూలి పోయే వేళ. రాకపోతే "వీళ్లకు పిల్లల చదువు పట్టదు" అంటారు. చట్టం 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, మాలాంటి వర్గాల వాళ్లకు తగిన చోటుండాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి మహిళా సంఘాలకు పగ్గాలిచ్చింది. సంఘం ఉన్న అమ్మకు చోటు దొరికింది. ఆరు నెలలకో అపార్ట్‌మెంటు మారే అమ్మకు ఏ సంఘం ఉంటుంది?

సర్కారు బడి కాదంటే గల్లీలో ప్రైవేటు బడి ఉంది కదా అంటారు. ఉంది. ఫీజు బాకీ పడ్డ నాడు టీసీ ఆపేది అక్కడే, నంబరు వదలనిది అక్కడే. బడి చేర్చుకోని పిల్ల ఎక్కడ చేరుతుందో ఈ బస్తీకి బాగా తెలుసు. 2015 జనవరిలో ఇక్కడి గాజుల కార్ఖానాల్లోంచి బీహారు పిల్లలను రెండు వందల మందికి పైగా పోలీసులు బయటికి తెచ్చారు. ఆ పిల్లల్ని పనిలో పెట్టుకునేటప్పుడు ఎవరూ జనన ధ్రువపత్రం అడగలేదు.

మాలోనే కొందరు అడుగుతారు: దేవరకొండ తండాల నుంచి వచ్చి సైదాబాద్ వైపు బతికే లంబాడీల పిల్లల గురించి కూడా మనం మాట్లాడాలా అని. జాబితా తగాదా మాకుంది, దాన్ని ఇంకోచోట తేల్చుకుంటాం. గేటు బయట నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్లతో తేల్చుకోం.

ఆ కోయ పిల్లను చివరికి అక్టోబరులో దసరా సెలవులయ్యాక చేర్చుకున్నారు. మేం నలుగురం వెళ్లి చట్టం ప్రతి బల్ల మీద పెట్టాక, డిప్యూటీ ఈవోకు ఫోన్ చేశాక. నెలన్నర బడికి వచ్చింది. అపార్ట్‌మెంటు పని అయిపోయి కుటుంబం శంషాబాద్ వైపు వెళ్లిపోయింది. అక్కడ ఏ గేటు దగ్గర నిలబడ్డారో తెలుసుకోవడానికి వాళ్ల ఫోను కలవడం లేదు.

జూన్ 12న బళ్లు తెరుస్తారు. బడిబాట పేరుతో టీచర్లం బ్యానరు పట్టుకుని గల్లీలు తిరుగుతాం. ఈసారి చాంద్రాయణగుట్ట, బండ్లగూడ, ఫలక్‌నుమా వైపు కడుతున్న బిల్డింగుల్లోకి కూడా రండి. పొద్దున ఏడింటికి, పని మొదలు కాకముందే రండి. రిజిస్టరు తెచ్చుకోండి, జిరాక్సులు అడగకండి. మాట మేం కలుపుతాం.