జంటపేరు

క్రిందటి సంవత్సరము క్రిస్మసు పండుగకు ముందు మన బడిలో ఒక చిన్న సంగతి జరిగినది. హార్మోనియము వాయించు బాలుడొకడు, కీబోర్డు వాయించు బాలుడొకడు కలిసి యొక కీర్తనకు క్రొత్త వరుస కట్టిరి. పదునైదు దినములు బడి విడిచిన పిమ్మట వసారాలో గూర్చుండి చీకటి పడువరకు సాధన చేసిరి. వినినవారందఱు మెచ్చిరి. అంతలో కార్యక్రమ పత్రము అచ్చునకు బోవు దినము వచ్చినది. పత్రమును వ్రాయుచుండిన నేను, “ఇంతకును ఈ వరుస నిజముగా నెవరిదిరా?” అని యడిగితిని. ఒకడు రెండవవాని ముఖము చూచెను. రెండవవాడు నేల చూచెను. మఱునాడు సాధనకు ఒక్కడే వచ్చెను. ఆ మఱునాడు ఇద్దరును రాలేదు. పండుగనాడు ఆ పాట లేకయే కార్యక్రమము ముగిసినది.

ఆ బాలురను మందలించినవారు కలరు. నన్ను మందలించినవారు లేరు. తప్పులో నా పాలెంతయో తెలిసికొనుటకు నాకు కొన్ని నెలలు పట్టినది. దానిని తెలిపినది తెలుగు సినిమా సంగీతమున వెలిగి విడిపోయిన యొక జంట కథ. సినిమా పాటల ప్రసక్తి బడి పత్రికలో నెందుకని పెద్దలు కొందఱు ముఖము చిట్లింపవచ్చును. నేను పాటల మంచిచెడ్డలను విచారించుట లేదు. ఇద్దరు మనుష్యులు కలిసి పనిచేయుటను గూర్చియే విచారించుచున్నాను.

రాజ్–కోటి అను పేరును మీలో చిన్నవారు తల్లిదండ్రుల నోటనే విని యుందురు. 1990 ప్రాంతమున పెండ్లిపందిళ్లలోను, బస్సులలోను, జాతరలలోను టేపురికార్డర్లనుండి వినవచ్చిన తెలుగు పాటలలో వారి పాటలు కొల్లలు. రాజ్ గారి పూర్తి పేరు తోటకూర సోమరాజు. “పాండురంగ మహాత్మ్యము” (1957), “శ్రీకృష్ణ పాండవీయము” (1966) వంటి చిత్రములకు సంగీతము కూర్చిన టి. వి. రాజు గారి కుమారుడు. కోటి గారి పూర్తి పేరు సాలూరి కోటేశ్వరరావు. “మల్లీశ్వరి” (1951), “మిస్సమ్మ” (1955) చిత్రముల సంగీతకర్త సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు. ఇద్దరు గొప్పవారి బిడ్డలు ఇద్దరును చక్రవర్తి గారి యొద్ద సహాయకులుగా నుండి పని నేర్చిరి. తండ్రుల పేర్లు చెప్పుకొని వేర్వేరు దారులు పట్టుటకు వీలుండియు, వారు జతగూడి యొకే పేరు పెట్టుకొనిరి. 1983లో “ప్రళయ గర్జన” అను చిత్రముతో ఆ పేరు తెరమీదికి వచ్చినది.

ఆ కాలము వాద్యములకే యొక సంధికాలము. అంతకుముందు ఒక పాటను ముద్రింపవలెనన్న మదరాసు స్టూడియోలో వయొలిన్లు, వేణువులు, తబలాలు, ఢోలకులు పట్టిన వాద్యకారులు గుంపుగా గూర్చుండవలసి యుండెను. సింథసైజరు వచ్చి ఆ పద్ధతిని మార్చినది. ఈ వాద్యము గాలిచేత గాని తీగచేత గాని గాక, విద్యుత్ప్రవాహపు కంపనములచేత నాదమును బుట్టించును. ఆ కంపనములను వడబోసి, పెంచి, తగ్గించి, ఒకే మెట్లవరుసమీద వేణువును, వీణను, ఎన్నడును విననట్టి క్రొత్త ధ్వనిని గూడ పలికింపవచ్చును. అమెరికాలో రాబర్ట్ మోగ్ 1964లో చూపిన సింథసైజరు ఈ మార్గమున గొప్ప మైలురాయి. జపానుకు చెందిన యమాహా వారి డి.ఎక్స్. 7 అను వాద్యము 1983లో వెలువడి వాడుక కెక్కినది. ఒక కంపెనీ వాద్యము మఱియొక కంపెనీ వాద్యముతో మాటలాడుకొనుటకు మిడి అను ఉమ్మడి పద్ధతి యేర్పడినదియు ఆ యేడే. యంత్రములు ఒకదానిమాట నొకటి వినుట నేర్చుకొనిన యేటనే ఈ జంట పని నారంభించినది.

రాజ్–కోటి గార్లు ఆ క్రొత్త ధ్వనిని తెలుగు వీథి లయతో గలిపిరి. “యముడికి మొగుడు” (1988), “ఖైదీ నెం. 786” (1988), “లంకేశ్వరుడు” (1989), “ముఠా మేస్త్రి” (1993) – ఈ చిత్రముల పాటలలో డప్పు దెబ్బయు యంత్రపు తాళమును పోట్లాడుకొనక నడచినవి. వారి యొద్ద కీబోర్డు వాయించిన యువకులలో మొదట దిలీప్ అను పేరు గల మదరాసు బాలు డొకడు. 1992లో “రోజా” చిత్రముతో లోకము ఆయనను ఎ. ఆర్. రెహమాన్ అని యెఱిగినది. క్రొత్తవారిని చేరదీసి నిలువనిచ్చునంత విశాలమైన నీడగా ఆ జంట యెదిగి యుండెననుటకు ఇది సాక్ష్యము.

తరువాత 1994 వచ్చినది. ఆ యేటి “హలో బ్రదర్” చిత్ర సంగీతమునకు రాష్ట్ర ప్రభుత్వమువారి నంది బహుమతి ఆ ఇద్దరికిని లభించినది. ఆ చిత్రకథ కవల సోదరులది. ఒకనికి దెబ్బ తగిలిన రెండవవానికి నొప్పి పుట్టును. అట్టి కథకు పాటలు కూర్చి బహుమతి నందుకొనిన ఆ కాలముననే జంట విడిపోయినది. ఒక వీథినాటకమున నెవరైన నిట్లు కల్పించిన, అతిగా నున్నదని మనము నవ్వి యుందుము.

విడిపోయిన పిమ్మట రాజ్ గారు “సిసింద్రీ” (1995) వంటి చిత్రములకు మంచి పాటలు కూర్చిరి గాని, వారికి దొరకిన చిత్రములు బహు కొలది. కోటి గారు ఒంటిగా ముందునకు సాగి “నువ్వే కావాలి” (2000), “నువ్వు నాకు నచ్చావ్” (2001) వంటి ఘనవిజయముల నందుకొనిరి. 2023 మే 21వ తేదీన రాజ్ గారు హైదరాబాదులో గుండెపోటుతో మరణించిరి. నాటి వార్తలలో ఆయన పేరు ఒంటిగా రాలేదు. ఇరువది తొమ్మిది సంవత్సరముల క్రిందట తెగిన గీత ఆ దినమున మరల అతుకుకొని, “రాజ్–కోటి ద్వయములో రాజ్” అనియే లోకము ఆయనను సాగనంపినది.

ఈ కథ చెప్పగానే వినువారు “తప్పెవరిది?” అని యడుగుదురు. ఈ ప్రశ్నయే చెడ్డదని నా యభిప్రాయము. జంట వెలుగుచున్నంతకాలమును లోకము అడుగునది దీనికి అన్నవంటి ప్రశ్న: “వరుస రాజ్‌దా, కోటిదా?” పాలలో నీరెంత, చిక్కదనమెంత యని వేరుచేసి చూడగోరువాడు పాలు త్రాగుటకు వచ్చినవాడు కాడు. ఇద్దరు కూర్చుండి పాట కట్టునప్పుడు ఒకడు మొదటి మలుపు చెప్పును. రెండవవాడు “అది చాలదు” అనును. ఆ “చాలదు” అను మాటకు పత్రములో స్థలము లేదు, దానికి వరుసలేదు, తాళములేదు. అయినను పాటలో సగము దానిదే. తనకు చనువుగా “చాలదు” అని చెప్పు మనిషిని పోగొట్టుకొనినవాడు చేతిలోని విద్యను పోగొట్టుకొనడు. రెండవ చెవిని పోగొట్టుకొనును.

కొందఱు వేఱొకటి చెప్పుదురు: “విడిపోయిననేమి? ఒక చెట్టు రెండగును గదా.” ఇందులో నిజము లేకపోలేదు. ఇంగ్లాండులో సింథసైజరు సంగీతము ప్రబలిన కాలమున షెఫీల్డు పట్టణపు హ్యూమన్ లీగ్ బృందము 1980లో రెండుగా చీలినది. ఒక భాగము పాత పేరుతోను, మఱియొకటి హెవెన్ 17 అను పేరుతోను నిలిచి రెండును రాణించినవి. అదే దేశమున యాజూ కథ వేఱు. బాసిల్డన్‌వాడైన విన్స్ క్లార్క్ యంత్రవాద్యము పట్టెను. అలిసన్ మోయే అను యువతి పాడెను. 1981లో కలిసిరి, 1982లో పేరు తెచ్చుకొనిరి, 1983లో విడిపోయిరి. వారి రెండవ రికార్డు వెలువడి ఆ దేశపు పట్టికలో మొదటి స్థానమున నిలుచునప్పటికి జంటయే లేదు! ఫలము పండినది, తోటమాలులు వెళ్లిపోయిరి. తరువాత ఇద్దరును వేర్వేరుగా కీర్తి గడించిరి. 2008లో కొన్ని కచేరీలకై మరల కలిసిరి. కనుక విడిపోవుట యెల్లప్పుడు నాశనము కాదు. కాని రాజ్–కోటి కథలో వలె, విడిపోవునప్పుడు త్రాసు ఎటు మొగ్గునో ముందుగా నెవరికిని తెలియదు. తేలిపోవు తట్టలో నున్నవాడు కూడ మనవాడే.

మఱి ఈ ప్రశ్నకు లొంగని జంట లేదా? ఉన్నది, మన ముంగిటికి వచ్చిన జంటయే. గద్వాల సంస్థానమునకును, నేటి వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు సంస్థానమునకును వచ్చి ప్రభువుల మన్నన లందుకొనిన తిరుపతి వేంకటకవులను మీరు పాఠములలో చదివియే యుందురు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఇంటిపేర్లు వేఱయ్యు పద్యమునకు ఒకే పేరు పెట్టిరి. ఒక్కరు వ్రాసినదైనను ఇద్దరిదియే యని కట్టుబాటు చేసికొనిరి. తిరుపతిశాస్త్రిగారు ముందుగా పరమపదించిరి. వేంకటశాస్త్రిగారు 1950 వరకు, అనగా దాదాపు మూడు దశాబ్దములు, ఒంటిగా జీవించియు ఆ జంటపేరును విడువలేదు. చనిపోయిన మిత్రునికి పాలు పంచుటవలన ఆయన కీర్తి తరిగినదా? తరుగలేదు సరిగదా, ఆ మాట నిలుపుటయే ఆయన కీర్తిలో నొక భాగమైనది. వారు ఆ కట్టుబాటును తగవు పుట్టిన పిమ్మట చేసికొనలేదు. పేరు రాకమునుపే చేసికొనిరి. రహస్యమంతయు ఇందున్నది.

సరే, ఎంత జాగ్రత్తపడినను విడిపోక తప్పని వేళలు వచ్చును. మహాభక్తులకే వచ్చినవి. అపొస్తలుల కార్యముల గ్రంథము పదునైదవ అధ్యాయమున పౌలు, బర్నబా మార్కు విషయమై తీవ్రముగా భేదించి, బర్నబా మార్కుతో కుప్రకును, పౌలు సీలతో సిరియ కిలికియలకును వెళ్లిరి. ఎవరిది తప్పో ఆ గ్రంథకర్త తీర్పు చెప్పలేదు. మనము చదివి నేర్వవలసిన మౌనమది. ఆ పౌలే తన చివరి దినములలో తిమోతికి వ్రాయుచు మార్కును వెంటబెట్టుకొని రమ్మని కోరెను. తలుపు మూసినను గడియ పెట్టలేదన్నమాట.

కావున విద్యార్థి సోదరులారా, జతగా పని నారంభించువారు మొదటి దినముననే జంటపేరును నిర్ణయించుకొనుడు. పేరు వచ్చిన పిమ్మట ఆ పని చేయుట బహు కష్టము. తోటివానిపై మీకు గల కొఱతను మొదట తోటివానితోనే చెప్పుడు. మూడవవాని చెవి జేరిన ఫిర్యాదు పెరిగియే తిరిగి వచ్చును. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, మన పని ఇంతకంటె కష్టము: అడుగకుండుట. ఆటలో గాని పాటలో గాని సైన్సు ప్రదర్శనమున గాని ఇద్దరు కలిసి చేసినదానిని చూచి, “ఇందులో మావాని దెంత?” అను ప్రశ్నను మ్రింగుట మనము నేర్వవలెను. బహుమతి యొక్కటే యున్నచో దానిని ఇద్దరి పేరనే యిత్తము.

ఆ బాలు రిద్దరును ఈ యేట పదవ తరగతిలో నున్నారు. వచ్చు వేసవికి ఎవరి దారి వారిది. అచ్చు గాని ఆ కార్యక్రమ పత్రము నా బల్ల సొరుగులో నింకను ఉన్నది. ఇద్దరిని వేర్వేరుగా పిలిచి, నేనడిగిన ప్రశ్నకు క్షమాపణ చెప్పితిని. ఒకడు నవ్వెను, ఒకడు మాటలాడలేదు. క్రిస్మసునకు ముందు వసారాలో ఆ రెండు వాద్యములను మరల పెట్టింతును. వత్తురో రారో వారి యిష్టము. వచ్చినయెడల పేర్లను చీటీలు వేసి వ్రాయుదును. ఆ వరుస ఎవరిదని ఎవరైన నన్నడిగినచో, “ఇద్దరిదియు” అని చెప్పి యూరకుందును.