ధర తెచ్చెడి దూతను తేదీ యడుగుడు

కొత్తకోట ప్రాంతపు సోదరీమణులకు పల్లికాయ ధరను గూర్చి మేము బోధింప నక్కరలేదు. 2016వ సంవత్సరమున మహబూబునగరు జిల్లానుండి విడివడి వనపర్తి జిల్లాలో చేరిన యీ సీమలో, యాసంగి పల్లికాయ కల్లమునకు రాగానే యింటింట వినవచ్చు ప్రశ్న యొక్కటే: నేడు మార్కెట్టులో క్వింటా లెంత? ఆ మాటను వాకిటికి వచ్చిన బేరగాని నోట వినుటకంటె ముందుగా తెలిసికొనుట మేలు.

ధరలు దాగి యుండలేదు. కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ అను వెబ్‌సైటున మార్కెట్ల వారీగా కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరకు అమ్ముడైన ధర క్వింటాలు లెక్కన నుండును. దినదినము దానిని తెరచి చూచుట కెవ్వరికి తీరును? కావున రెండు సాధనములను జతపరచుదురు. మొదటిది వెబ్ స్క్రేపింగ్ ఏపీఐ: పుట చిరునామా నిచ్చిన, అది పోయి అందలి పట్టికను విడదీసి తెచ్చును. రెండవది జేపియర్, ఎన్‌ఎయిట్‌ఎన్ వంటి ఆటోమేషన్ వేదిక: చెప్పిన వేళకు ఆ దూతను పంపి, తెచ్చినదానిని చిట్టాలో వ్రాసి, సంఘపు స్త్రీల ఫోనులకు సందేశము పంపును. రెంటిని కలుపునది హెచ్.టి.టి.పి. రిక్వెస్టు అను మెట్టు. అందు చిరునామాయు, ఏపీఐవా రిచ్చిన రహస్య సంకేతమును కావలెను. ఆ సంకేతము నింటి తాళపుచెవిగా నెంచి, వేదికలో దానికై యేర్పరచిన చోటనే దాచుడు. మెట్టులో బాహాటముగా వ్రాసినచో, పనిక్రమమును పొరుగువారి కిచ్చిననాడు తాళపుచెవియు వెంటబోవును.

ఇంతవరకు సుళువే. పుట ఆకారము మారిన దినమున దూత వట్టిచేతులతో వచ్చును. అయినను '200' అనియే, అనగా పని సఫలమైన దనియే, చెప్పును. (ఇట్టి దూతలు మన యిండ్లలోను లేకపోలేదు!) మార్కెట్టు సెలవునాడు పుటలో మిగిలిన నిన్నటి ధరయే నేటిదై ఫోనుల కెక్కును. దానిని నమ్మి బండి మాటాడుకొని సరకెత్తించిన యిల్లాలి నష్టమును యంత్రము తీర్చదు. కావున సందేశమునకు ముందొక పరీక్షా సోపానమును పెట్టింపుడు: పట్టిక ఖాళీయా? తేదీ నేటిదా? కాదేని "నేడు ధర అందలేదు" అనియే పంపవలెను. ధర అందిననాడు మార్కెట్టు పేరును తేదీయు దానివెంట నుండి తీరవలెను. '429' అని వచ్చిన, మితిమీరి యడుగుచున్నారని యర్థము. దినమున కొకసారి వ్రాయు ధరకై నిమిషమున కొకసారి తలుపు తట్టనేల?

మరియొక మాట. ఈ మార్కెట్టు ధరలనే డేటా.గవ్.ఇన్ అను ప్రభుత్వ వేదిక ఏపీఐ రూపముననే యిచ్చుచున్నది. పేరు నమోదు చేసికొన్న సంకేతము లభించును. అట్టి ద్వారము తెరచి యుండగా స్క్రేపింగునకు డబ్బు చెల్లించుట మాకు సమ్మతము గాదు. తొలుత దానిని యత్నింపుడు. అందు దొరకనిదానికే రెండవ దారి. అప్పుడును ఆ సైటువారి నిబంధనలను చదివిన పిమ్మటనే.