నరం కాలిస్తే కాలు పడిపోతుందా?

ప్రశ్న: నా వయస్సు 46 సంవత్సరాలు. ఉపాధ్యాయినిని. 20 ఏళ్ళుగా నిలబడి పాఠాలు చెబుతున్నాను. ఎడమకాలి పిక్క మీద నరాలు వంకర టింకరగా, వానపాముల్లా ఉబ్బాయి. సాయంత్రానికి కాలు బరువెక్కి వాపు వస్తుంది. ఈమధ్య చీలమండ పైన చర్మం నల్లబడి దురద పెడుతోంది. డాక్టరుగారు స్కాను తీయించి, లేజరుతో నరాన్ని కాల్చి మూసెయ్యాలన్నారు. మా అత్తగారు ‘నరం కాలిస్తే కాలు పడిపోతుంది, వద్దు’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ అత్తగారి భయానికి సగం కారణం మన మాటలోనే వుంది. రక్తం మోసే గొట్టాన్నీ మనం నరమే అంటాం, మెదడు నుంచి కబురు మోసే తీగనూ నరమే అంటాం. కాలు పడిపోవడమనేది ఆ రెండోదానికి దెబ్బ తగిలితే జరిగేది. మీ పిక్క మీద ఉబ్బినవి మొదటి రకానివి. వాటిని సిరలంటారు. ఈ తికమక వల్లనే చాలామంది ‘నరాల బలానికి’ అని ఏళ్ళ తరబడి బి-కాంప్లెక్సు మాత్రలు మింగుతూ కూర్చుంటారు. ఆ మాత్రలకూ ఈ ఉబ్బుకూ ఏ సంబంధమూ లేదు.

కాళ్ళలోకి దిగిన రక్తం మళ్ళీ గుండెకు చేరాలంటే ఎత్తు ఎక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండరం పిండినట్లు బిగుసుకుని దాన్ని పైకి తోస్తుంది. ఎక్కిన రక్తం తిరిగి జారిపోకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి. చీలమండ లోపలి పక్క నుంచి గజ్జ దాకా చర్మం కింద ఒక పొడుగాటి సిర పోతుంది. దాని కవాటాలు చెడితే రక్తం కిందికి కారుతూ వుంటుంది. ఆ బరువుకే కొమ్మలన్నీ ఉబ్బుతాయి. గంటల తరబడి కదలకుండా నిలబడే వృత్తులవారిలో, చాలా కాన్పులైన స్త్రీలలో, తల్లిదండ్రులకు ఈ జబ్బు వున్నవారిలో, స్థూలకాయుల్లో ఇది ఎక్కువ.

‘మరి ఆ సిరను మూసేస్తే రక్తం ఎటు పోతుంది?’ అని అడగవచ్చు. కాలి రక్తంలో సుమారు నూటికి 90 వంతులు కండరాల మధ్య లోతుగా వుండే సిరల్లోనే పైకి పోతుంది. చెడిన పైసిర సాయం చెయ్యకపోగా, లోపలివాళ్ళు ఎక్కించినదాన్ని కిందికి జారుస్తోంది. దాన్ని మూస్తే కాలికి నష్టం లేదు, భారం తగ్గుతుంది.

నేను వైద్యం చదివే రోజుల్లో దీనికి ఆపరేషనంటే వెన్నులో మత్తు ఇచ్చి, గజ్జ దగ్గర కోసి, సిరలోకి తీగ దూర్చి మొత్తం లాగెయ్యడమే. తొడంతా కమిలి నల్లబడేది, రోగి మామూలుగా తిరగడానికి వారాలు పట్టేది. విదేశాల్లో 1990ల చివర మొదలైన వేడి చికిత్స ఆ బాధ చాలావరకు తప్పించింది. స్కానులో చూస్తూ మోకాలి దగ్గర సూదితో సిరలోకి సన్నని గొట్టం పంపుతారు. దాని కొసను గజ్జకు కాస్త కిందనే ఆపుతారు, లోతు సిరకు వేడి తగలకూడదు కదా! ఆ తరువాత తిమ్మిరి మందు కలిపిన ఉప్పునీటిని సిర చుట్టూ పొడుగునా ఎక్కిస్తారు. పనంతటికీ ప్రాణం ఈ నీరే. నొప్పి తెలియనివ్వదు, సిరను నొక్కి గొట్టానికి అంటిస్తుంది, చర్మానికి వేడి సోకనివ్వదు. రేడియో తరంగాల పద్ధతిలో కొస 120 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఒక్కో 7 సెంటీమీటర్ల ముక్కను 20 సెకన్లు కాచి, గొట్టాన్ని వెనక్కి లాగుతూ వస్తారు. లేజరులో వేడి వెలుతురు వల్ల పుడుతుంది. తేడా అంతే. రెండింటిలో ఏది గొప్ప అని మీరు తల పట్టుకోనక్కరలేదు, చేసే చెయ్యి అనుభవమున్నదైతే చాలు. ఒక కాలికి సాధారణంగా గంట లోపే పని అయిపోతుంది. ఆ రోజే నడిపిస్తారు, నడవాలి కూడా. మూసుకున్న సిర నెలల మీద దారంలా ఎండిపోతుంది.

మీ అత్తగారి మాటలో రవ్వంత నిజం లేకపోలేదు. మోకాలికి కింద ఈ సిరకు ఆనుకుని స్పర్శ తెలిపే సన్నని నరం ఒకటి పోతుంది. దానికి వేడి తగిలితే పిక్క లోపలివైపు కొంతమేర తిమ్మిరిగా వుంటుంది. అది కాలిని కదిలించే నరం కాదు గనుక కాలు పడిపోదు. తొడ వెంట కమిలినట్లూ, తాడు లాగినట్లూ వారం రెండు వారాలు వుండవచ్చు. అరుదుగా లోతు సిరలో రక్తం గడ్డకడుతుంది. కాలు ఉన్నట్టుండి బాగా వాచినా, ఆయాసమో ఛాతీలో నొప్పో వచ్చినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పోవాలి. ఇంకొక సంగతి. కొన్నేళ్ళకు వేరే సిరలు ఉబ్బవచ్చు. ‘జన్మలో మళ్ళీ రాదు’ అని హామీ ఇచ్చేవారి మాట నమ్మకండి.

అందరికీ ఇది అవసరమా? కాదు. సాలెగూడులా కనిపించే సన్నని నీలం గీతలు అందానికి లోటేగాని ప్రమాదం కాదు. నీలం గీత చూపగానే లేజరనే చోట నుంచి లేచి రావడమే మంచిది. రోగిని నిలబెట్టి డాప్లరు స్కాను చేసి, ఏ సిరలో రక్తం వెనక్కి జారుతోందో, లోతు సిరలు బాగున్నాయో లేదో చూడకుండా చికిత్స నిర్ణయించకూడదు. గర్భిణులు కాన్పయ్యేదాకా ఆగాలి, చాలామందికి ఆ తరువాత ఉబ్బు తగ్గిపోతుంది. గొట్టం దూరనంత మెలికలు తిరిగిన సిరలకు నురుగు మందు ఇంజక్షనో ఆపరేషనో వుంది. ఇంగ్లండులో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2013లో ఇచ్చిన సలహా కూడా ఇదే వరసలో వుంది: ముందు వేడి, కుదరకపోతే నురుగు, అదీ కుదరకపోతే ఆపరేషను.

మీ విషయంలో మాత్రం చర్మం నల్లబడి దురద పెట్టడం పుండుకు ముందు మెట్టు. చీలమండ దగ్గర పడే ఆ పుండు మహా మొండిది. షుగరు పుండనుకుని, గజ్జి అనుకుని రకరకాల ఆయింట్‌మెంట్లు రాసుకుంటూ ఏళ్ళు గడిపేవారిని వార్డులో చూస్తూనే వుంటాను. బ్రిటన్‌లో ఇటువంటి పుండ్లున్న 450 మందికి బిగుతు కట్లు కడుతూ, సగం మందికి వెంటనే సిరలు మూశారు, మిగతావారికి ఆపి చేశారు. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం మొదటి వారిలో 56 రోజులు, రెండో వారిలో 82. కనుక స్కానులో పైసిర చెడిందనీ, లోతు సిరలు బాగున్నాయనీ తేలివుంటే మీ డాక్టరుగారి మాట వినండి. పుండు పడేదాకా ఆగవద్దు. ఖర్చు సంగతికి, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు వుంటే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అంతవరకు పాఠం మధ్యలో బల్లల మధ్య నాలుగడుగులు వెయ్యండి, రాత్రి కాళ్ళ కింద దిండు పెట్టుకోండి. బిగుతు మేజోళ్ళు మంచివే, కాని పాదంలో నాడి సరిగా ఆడుతోందో లేదో డాక్టరు చూశాకే వేసుకోవాలి. షుగరున్నవారికీ, పొగ తాగేవారికీ ఈ మాట మరీ ముఖ్యం. దురద పెట్టినచోట గోకవద్దు. ఒక్కోసారి ఆ ఉబ్బు చిట్లి రక్తం చిమ్ముతుంది. చూసినవాళ్ళు హడలిపోయి పైన తాడు బిగిస్తారు, దానివల్ల రక్తం ఇంకా పోతుంది. వెంటనే పడుకోబెట్టి, కాలు గుండెకంటే పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో చిట్లినచోట 10 నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. ఆగాక కట్టు కట్టి ఆస్పత్రికి తీసుకురావాలి. ఆగకపోతే అదిమిపట్టే తీసుకురండి.