ప్రేమా? కాపలానా?

కిందటేడు ఒక డిగ్రీ కళాశాల హాస్టల్లో స్త్రీల హక్కుల గురించి మాట్లాడటానికి వెళ్ళాను. చట్టాల మీద రాసుకెళ్ళిన కాగితాలు సగం చదవకముందే మాటలు సినిమాల మీదికి, అక్కణ్నుంచి టీవీ సీరియళ్ళ మీదికి మళ్ళాయి. 'జెస్సికా జోన్స్' అనే అమెరికన్ సీరియల్ కథ అమ్మాయిలే నాకు చెప్పారు. వెనక వరసలోని ఒకమ్మాయి, "కిల్‌గ్రేవ్ విలనే గానీ మేడమ్, జెస్సికాని అంతగా ప్రేమించినవాడు ఇంకొకడు లేడు" అంది. చాలామంది తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. "ఆడదాన్ని బానిసని చేసినవాడిది ప్రేమెలా అవుతుంది?" అన్నాను గట్టిగా. ఆ అమ్మాయి తల దించుకుంది. మళ్ళీ నోరు విప్పలేదు. వాదనలో గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను. కానీ మొదలవ్వాల్సిన చర్చని నేనే ఆపేశానని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత సీరియల్ చూశాను. మార్వెల్ బొమ్మల కథల ఆధారంగా మెలిస్సా రోజెన్‌బర్గ్ రూపొందించిన ఈ సీరియల్ మొదటి 13 భాగాలూ 2015 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. జెస్సికా న్యూయార్క్‌లో ప్రైవేట్ డిటెక్టివ్. కారుని ఒంటిచేత్తో ఆపగల బలం ఆమెది. కిల్‌గ్రేవ్‌కి ఉన్న బలం నోటిమాట. అతను చెప్పింది ఎవరైనా చేసి తీరాల్సిందే. నవ్వమంటే నవ్వాలి, చంపమంటే చంపాలి. అలా జెస్సికాని కొన్ని నెలలు తన దగ్గర ఉంచుకున్నాడు. ఆమె తప్పించుకున్నాకే కథ మొదలవుతుంది. పీడకల వెంటాడినప్పుడల్లా ఆమె చిన్నప్పటి వీధుల పేర్లు గొణుక్కుంటూ తనని తాను నిలబెట్టుకుంటుంది. మన కౌన్సెలింగ్ గదుల్లో కూర్చున్నవాళ్ళకి ఆ గొణుగుడు కొత్త కాదు.

ఇంత స్పష్టంగా చెప్పినా, సీరియల్ వచ్చిననాటి నుంచి అభిమానుల్లో కొందరు ఈ ఇద్దరినీ జంటగానే చూశారు. వాళ్ళిద్దరికీ ప్రేమకథలు అల్లారు. వాళ్ళ వాదనలు మనకి తెలియనివేం కాదు. చిన్నప్పుడు బాధలు పడ్డాడు కదా, పాపం అంటారు. ఆమె కోసం మారాలని చూశాడు కదా అంటారు. ఆమె పుట్టిపెరిగిన ఇంటిని డబ్బిచ్చి కొని, పాత సామానుతో సహా ఎప్పట్లాగే తీర్చిదిద్దాడు కదా అంటారు. ఆ పాత్ర వేసిన డేవిడ్ టెనెంట్ ఆకర్షణ కూడా దీనికి తోడయింది.

సీరియల్ ఈ వాదనల్ని దాచలేదు. వాటిని కిల్‌గ్రేవ్ నోటనే పలికించింది. నువ్వు చేసింది అత్యాచారం అని జెస్సికా ముఖాన్నే చెప్తే, ఖరీదైన హోటళ్ళలో ఉంచాను, మంచి భోజనం పెట్టాను, అందులో అత్యాచారం ఏముంది అని అడుగుతాడు. భార్యని కొట్టి, మర్నాడు చీర తెచ్చే మొగుడి భాష ఇది. ఒకసారి 18 క్షణాలపాటు తన పట్టు లేకపోయినా ఆమె తన దగ్గరే ఉండిపోయిందంటాడు. ఆమె జ్ఞాపకం వేరు. ఆ క్షణాల్లో ఆమె దూకి పారిపోవాలని చూస్తోంది. వేగం చాలలేదు, అంతే. "అప్పుడే ఎందుకు వెళ్ళిపోలేదు?" అని పోలీస్ స్టేషన్లలో, కోర్టుల్లో, కుటుంబ పెద్దల ముందు మన స్త్రీలు వింటున్న ప్రశ్నకి ఇంతకన్నా సూటి జవాబు నేను తెరమీద చూడలేదు.

ల్యూక్ కేజ్‌తో జెస్సికా ప్రేమని మెచ్చిన అభిమానులు ఇంకో పక్షం. అందులోనూ చిక్కుంది. కిల్‌గ్రేవ్ ఆదేశం మీద ల్యూక్ భార్య రేవాని చంపింది జెస్సికానే. ఆ సంగతి దాచి అతనికి దగ్గరవుతుంది. నిజం తెలిస్తే ఆ పురుషుడు ఒప్పుకునేవాడా అన్న ప్రశ్న నాయికకీ వర్తిస్తుంది. తర్వాత ల్యూక్ ఆమెని క్షమించానంటాడు. ప్రేక్షకులు ఊపిరి పీల్చుకుంటారు. తీరా చూస్తే ఆ మాటలు కిల్‌గ్రేవ్ పలికించినవి. ఇంకొకరి ఆజ్ఞ మీద వచ్చిన క్షమకి ఎంత విలువో, బలవంతపు రాజీలు చూసిన మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే చనిపోయిన రేవా, ఆ నల్లజాతి స్త్రీ గురించి మనకి తెలిసేది ఎంత? ఇద్దరి ప్రేమకథకి ఆమె చావు ముడిసరుకు అయిందన్న అసంతృప్తి నాకు మిగిలింది.

ఇంతకీ జెస్సికా "నిన్ను ప్రేమిస్తున్నాను" అనేది ఎవరితో? స్నేహితురాలు ట్రిష్‌తో. మామూలుగా ఎన్నడూ అనని మాట కాబట్టి, తాను కిల్‌గ్రేవ్ పట్టులో లేనని చెప్పడానికి ఆ మాటనే గుర్తుగా వాడుతుంది. ఆ వెంటనే అతని కథ ముగిస్తుంది. జంటల కోసం వాదించుకున్నవాళ్ళలో ఎంతమంది ఈ ప్రేమని లెక్కలోకి తీసుకున్నారో!

ఇవన్నీ మనసులో పెట్టుకుని అదే హాస్టల్‌కి మళ్ళీ వెళ్ళాను. ఆ అమ్మాయిని వెతికి పట్టుకుని, ముందు క్షమాపణ చెప్పాను. "అతనిలో నీకు నచ్చిందేమిటమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఆమె గదిలో ఏ వస్తువు ఎక్కడుండేదో కూడా అతనికి తెలుసు మేడమ్. మా ఇంట్లో నేనేం చదువుతున్నానో కూడా ఎవరికీ తెలీదు" అంది.

నా దగ్గర ఉపన్యాసం ఏదీ మిగల్లేదు. తనని ఎవరైనా గమనించాలని ఆ పిల్ల కోరుకుంటోంది. ఆ కోరికలో తప్పేముంది? ఆడపిల్లకి దొరకాల్సిన శ్రద్ధ ఇంట్లో దొరకనప్పుడు, కాపలా కాసేవాడు శ్రద్ధ చూపేవాడిలా కనిపిస్తాడు. రోజూ నీ ఫొటో పంపమని కిల్‌గ్రేవ్ జెస్సికాని లొంగదీస్తాడు. ఎక్కడున్నావో వీడియోలో చూపించమనే ప్రియుళ్ళు మన ఊళ్ళలో లేరా? ఇష్టం లేదని చెప్పినా వెంటపడటం నేరమని 2013లో చట్టం వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. కానీ ఇష్టం లేదని చెప్పవచ్చన్న ధైర్యాన్ని ఏ సెక్షనూ ఇవ్వదు.

అందుకే మిత్రులకి నా మనవి. అమ్మాయిలు చూసే కథల్ని వెక్కిరించకండి. వాళ్ళతో కలిసి చూడండి. ఎవరు ఎవరికి సరిజోడో వాళ్ళని వాదించుకోనివ్వండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేయండి: "ఆమె వద్దంటే అతనేం చేస్తాడు?" జవాబు వాళ్ళే చెప్తారు. తెరమీది అతని గురించి మొదలుపెట్టి, ఒకరిద్దరు తమ జీవితంలోని అతని గురించి చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు మనం అక్కడ ఉండాలి. తీర్పు చెప్పకుండా, వింటూ.