అడగకుండా తీసిన ఫొటో

ఆఫీసులో ఫైళ్ళు కట్టుకుని బతికే మాకు ఫొటోల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. పోయిన వేసవిలో మా ఇంట్లోనే జరిగిన సంగతి మమ్మల్ని ఇందులోకి దింపింది.

బరంపురంలో మే నెల మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కరెంటు పోయింది. మా అమ్మ వెనక వసారాలో నవారు మంచం మీద నిద్రపోతోంది. పెంకుల సందులోంచి ఒక వెలుగు చార వచ్చి ఆమె ముఖం మీద పడింది. మేము చప్పుడు కాకుండా సెల్‌ఫోనుతో ఫొటో తీశాము. అంత బాగా వచ్చిన ఫొటో మా జన్మలో మరొకటి లేదు. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ పంపాము. సంఘం వార్షిక సంచికకు కూడా ఇస్తామని మాట ఇచ్చేశాము.

రెండు రోజులు అమ్మ మాతో మాట్లాడలేదు. పళ్ళసెట్టు తీసేసి, నోరు తెరుచుకుని పడుకున్న ఫొటో కదా, అందుకే కోపం వచ్చిందనుకున్నాము.

మా అమ్మాయికి ఫొటోగ్రఫీ పిచ్చి. “నాన్నా, ఈ తగువు నీతో మొదలు కాలేదు” అంటూ రెండు పుస్తకాల సంగతి చెప్పింది. రెండూ అమెరికాలో 1992లో వచ్చినవే.

ఒకటి లారీ సుల్తాన్ అనే ఆయనది. తన తల్లిదండ్రులనే దాదాపు పదేళ్ళు ఫొటోలు తీశాడు. ఒకదానిలో తండ్రి కోటూ టై వేసుకుని, మంచం అంచున బిక్కమొహంతో కూర్చుని ఉంటాడు. ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. నవ్వవద్దన్నది నువ్వే, ఆ మంచం మీద కూర్చున్నది నేను కాదు నువ్వే అని కొడుకుతో వాదించాడు. కొడుకు ఆ ఫిర్యాదును దాచక, అదే పుస్తకంలో అచ్చు వేశాడు. అది మాకు నచ్చింది. అయితే ఫొటోను మాత్రం తీసేయలేదు సుమండీ!

రెండవది శాలీ మాన్ అనే ఆవిడది. వర్జీనియా రాష్ట్రంలో ఏటి ఒడ్డున ఆడుకునే తన ముగ్గురు పిల్లలను ఆమె తీసిన ఫొటోలు కొన్నిటిలో పిల్లల ఒంటిమీద బట్టలు లేవు. లోకం గగ్గోలు పెట్టింది. ఏ ఫొటో వేయకూడదో చెప్పే హక్కు పిల్లలకు ఇచ్చానని ఆవిడ అన్నది. కొడుకు వద్దన్న ఫొటో ఏదో తెలుసా? కుందేలు కాళ్ళలా చేతులకు మేజోళ్ళు తొడుక్కుని ఆడి, అలాగే నిద్రపోయినది. బట్టలు లేవని కాదు, వెర్రివాడిలా కనిపిస్తానని!

అయినా మా సందేహం తీరలేదు. చిన్న పిల్లలు ‘సరే’ అంటే దానికెంత విలువ? అన్నం పెట్టే చెయ్యే కెమెరా పట్టుకుంటే కాదనగలరా? 2025లో టెక్సాస్ రాష్ట్రంలో ఒక మ్యూజియంనుంచి పోలీసులు ఆ ఫొటోలలో కొన్నిటిని పట్టుకుపోయారు. తరువాత నేరం మోపకుండా వదిలేశారు. ఆ పిల్లల పసితనం అప్పటికే ఎప్పుడో గడిచిపోయింది. ఆ ఫొటోలు మాత్రం వాళ్ళ బాల్యాన్ని ఇంకా వీధిలోనే నిలబెట్టాయి.

మేజోళ్ళ సంగతి విన్నాక అమ్మ దగ్గరికి వెళ్ళి, “పళ్ళు లేకుండా తీశాననేనా?” అని అడిగాము.

“పళ్ళు లేవని ఎవరికి తెలీదురా! మంచం కింద చూశావా?” అంది.

చూశాము. నాన్న చెప్పులు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. రోజూ ఆ వసారాలో తిరిగే మాకు అవి అక్కడున్నాయని తెలియదు. ఫొటో చూసిన మా మేనత్త, మీ ఆయన చెప్పులు ఇంకా దాచుకున్నావా వదినా అని ఫోను చేసి అడిగిందట.

“అవి నావిరా. ఊళ్ళో వాళ్ళకి కాదు” అంది అమ్మ.

మా ఫోనులో చెరిపేశాము. చుట్టాల ఫోనులలో చెరిపే అధికారం మాకు లేదు. ఒకరిద్దరు తీసేశామన్నారు. విశాఖపట్నం బావగారు ఎంత బాగుందో, ఎందుకు తీయాలి అన్నారు.

సంచికకు వేరే ఫొటో పంపాము. అమ్మే పట్టుచీర కట్టుకుని, పళ్ళసెట్టు పెట్టుకుని, గోడకు వీపు ఆనించి రేషనుకార్డు ఫొటోకు మల్లే బిగుసుకుని కూర్చుంది. సంపాదకులు పెదవి విరిచారు. మేము మాత్రం మార్చలేదు.